కూటమి నాడు కొండ దిగిన అమ్మ

జ్యోతిషం నిజమా, అబద్ధమా అని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లిళ్లలో అడుగుతారు, రైల్లో అడుగుతారు, పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా అడుగుతారు. వయసు మీద పడినదాన్ని కదా, ఏదో ఒకటి తేల్చి చెప్తాననుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ ప్రశ్న మీద మా ఇంట్లో ఖర్చయినంత ఊపిరి ఇంకే ఇంట్లోనూ ఖర్చయి ఉండదు. అందులో సగం ఊపిరి ఆ వాదంలోకి ఎప్పుడూ దిగని మనిషిది.

మాది తాండూరు. నాయనకు గంజులో, అంటే ధాన్యం బజారులో, కందుల అడ్తి దుకాణం ఉండేది. రైతులు బండ్ల మీద కందులు తెస్తే, తూకం వేయించి పప్పు మిల్లులవాళ్లకు అమ్మిపెట్టడం ఆయన పని. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, బడిలో లెక్కలు చెప్పేవాడు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. సాయంత్రం దుకాణం కట్టేసి ఆయన, బడి విడిచి ఈయన, ఇద్దరూ ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్లు. అమ్మ చాయ్ పంపేది. చాయ్ సగమైందంటే వాదం మొదలయ్యేది.

నాయనకు జ్యోతిషం మీద ఉన్నది ఉత్త నమ్మకం కాదు. ప్రాణం కాపాడిన మనిషి మీద ఉండేలాంటి విశ్వాసం. నలభై ఎనిమిదిలో, నేను పుట్టిన ఏడు, రజాకార్ల గొడవలు ముదిరిన రోజుల్లో, నాయన ఒక స్నేహితుడితో కలిసి వికారాబాదుకు బయలుదేరాడట. దారిలో పంచాంగం చెప్పే పంతులు ఎదురుపడి, సోమవారం నాడు తూర్పుకు శూల, పోవద్దన్నాడు. ఫలానా వారం ఫలానా దిక్కుకు ప్రయాణం చేస్తే కీడు అనే లెక్క అది. నాయన ఆగిపోయాడు. స్నేహితుడు నవ్వి రైలెక్కాడు. ఆయన మళ్లీ తాండూరు రాలేదు. ఎక్కడ దిగాడో, ఎవరి చేతిలో పడ్డాడో ఈ రోజుకీ తెలియదు. ఆయన భార్య చాలా ఏళ్లు బొట్టు తీయలేదు. ఆమె మా దుకాణం ముందునుంచి వెళ్తే నాయన తల దించుకునేవాడు.

"నేనియ్యాల గీడ గూసోని చాయ్ తాగుతున్ననంటే గా శూల పుణ్యమే" అనేవాడు నాయన.

"ఆ దినం ఊరందరికీ సోమవారమే గదన్నా" అనేవాడు చిన్నాయన. "గదే రైల్ల శానమంది పోయిండ్రు, మంచిగ మల్లొచ్చిండ్రు. శూల ఆయనొక్కనికే తగిలిందా?"

"ఆయనకు జెప్పిండ్రు. ఇనలే."

"మిగిలినోళ్లకు జెప్పినోడే లేడు. తెల్వకుంటే శూల తగలదా?"

ఇద్దరి గొంతులూ పెరిగేసరికి లోపలినుంచి అమ్మ పిలిచేది. "ఇద్దరు గెలిచిండ్రు. ఇగ లోపల్కి రాండ్రి, బువ్వ సల్లారుతుంది." ఆ మాటతో ఇద్దరూ లేచేవాళ్లు. అమ్మకు ఎటువైపు నమ్మకమో ఎవరూ అడగలేదు. నాకైతే ఎవరు చివర మాట్లాడితే వాళ్లదే నిజం అనిపించేది.

పంతులు చెడ్డవాడు కాదు. ఆయనను చెడ్డవాణ్ని చేస్తే నాకు ఈ కథ చెప్పడం సులువయ్యేది. సన్నటి మనిషి, ఎవరింట్లోనైనా గ్లాసెడు మజ్జిగ ఇస్తే చాలు సంతోషపడేవాడు. ఏటా కంది ధర పెరుగుతుందో తగ్గుతుందో పంచాంగం చూసి చెప్పేవాడు. ఆయన మాట నిజమైన ఏడు నాయన గంజంతా చెప్పుకునేవాడు. తప్పిన ఏడు ఆ ఊసే ఎత్తేవాడు కాదు. చిన్నాయన తప్పినవాటిని మాత్రమే గుర్తుపెట్టుకునేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇద్దరికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది.

నాకు పదమూడేళ్లప్పుడు అమ్మకు దగ్గు పట్టుకుంది. ఇంట్లో కందులు చెరిగినప్పుడు లేచే దుమ్ము అనుకున్నాం. తర్వాత సాయంత్రాలు జ్వరం వచ్చేది. ఒకనాడు కొంగుకు రక్తం అంటింది. క్షయ అనే మాటను మా ఊళ్లో ఎవరూ గట్టిగా అనేవాళ్లు కాదు, కొండ జబ్బు అనేవాళ్లు. వికారాబాదు పక్కన అనంతగిరి కొండ మీద ఆ జబ్బుకు దవాఖాన ఉంది కాబట్టి. నాయన ఆ వారమే అమ్మను కొండకు చేర్చాడు. అప్పుడు మాత్రం పంతులును అడగలేదు, దిక్కులు చూడలేదు. రక్తం చూసిన మనిషికి దిక్కులు గుర్తురావు.

ఆదివారం ఆదివారం నేనూ నాయనా రైల్లో వికారాబాదు పోయి, టాంగాలో కొండ కింద దిగి, నడిచి పైకి వెళ్లేవాళ్లం. చుట్టూ అడవి. రోగుల మంచాలు వరండాల్లో ఉండేవి, గాలి తగలాలని. నన్ను దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. వరండా బయట నిలబడి మాట్లాడాలి. చిన్నపిల్లలను కొండ మీదికే తేవద్దన్నారు. చెల్లెకు అప్పుడు నాలుగేళ్లు. అందుకని అమ్మ వెళ్లిన రోజునుంచి చెల్లె అమ్మను చూడలేదు. పక్కింటి ముస్లిం ఆమె, మేం ఖాలా అని పిలిచేవాళ్లం, దానికి జడలు వేసేది, అన్నం తినిపించేది. ఖాలా భర్త బండల కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి.

వెళ్లిన ప్రతిసారీ అమ్మ మొదట అడిగేది చెల్లె గురించే. దాని జడ ఎవరు వేస్తున్నారు, గోళ్లు ఎవరు తీస్తున్నారు, పండ్లు తోముతోందా. నా గురించి తర్వాత అడిగేది. నాకు కోపం వచ్చేది, కానీ అమ్మ ముఖం చూస్తే పోయేది. బుగ్గలు నిండుతున్నాయి. గొంతులో బొంగురు తగ్గింది. పుష్యం వచ్చేసరికి రోజూ వరండాలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడుస్తున్నానని చెప్పింది. డాక్టరు నాయనతో ఒకటే మాట చెప్పాడు. సూదులు, గోలీలు వానాకాలం దాకా ఆపకుండా పడితే ఈమె ఇంటికి నడిచివస్తుంది. వానాకాలం అనే మాటను నేను ఆ రోజుల్లో దేవుడి పేరులా తలుచుకునేదాన్ని.

ఆ పుష్యమాసమే అష్టగ్రహ కూటమి వచ్చింది. అమావాస్యకు మకర రాశిలో ఎనిమిది గ్రహాలు కలుస్తాయని, లోకం మునిగిపోతుందని దేశమంతా అనుకున్న రోజులు. సముద్రం పొంగుతుందని ఒకరు, భూమి పగులుతుందని ఒకరు. తాండూరుకు సముద్రం ఎక్కడిదని అడిగే తెలివి ఎవరికీ మిగల్లేదు. గనుల్లో బండలు కొట్టే కన్నడ కూలీలు సుత్తులు, ఉలులు మూటకట్టుకొని సొంతూళ్లకు వెళ్లిపోయారు. చస్తే తమ మట్టిలో చావాలని. గనులవైపునుంచి రోజూ వినిపించే చప్పుడు ఆగిపోయింది. గంజులో హోమం పెట్టారు. పొగ మా ఇంట్లోకి వచ్చేది.

"ఖయామత్ జంత్రీ జూస్కోని రాదు బేటీ" అని ఖాలా నవ్వేది. ప్రళయం పంచాంగం చూసుకొని రాదని. నవ్వుతూనే అత్తవారింట ఉన్న కూతురిని పిలిపించుకుంది. అదే ఊరంతా జరిగింది. నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ కూడా తమవాళ్లను ఇంటికి రప్పించుకున్నారు. షోలాపూరులో ఉద్యోగం చేసేవాడు వచ్చాడు, అలిగి పుట్టింటికి పోయిన కోడలు వచ్చింది. లోకం మునిగేటప్పుడు ఎవరూ వేరేచోట ఉండకూడదు. అది ఏ పంచాంగంలోనూ రాసి లేదు, ఊరు తనకు తాను పెట్టుకున్న ఆచారం.

మా అరుగు మీద వాదం ఆ వారం ఎన్నడూ లేనంత జోరుగా నడిచింది. ఒక సాయంత్రం చిన్నాయన నాయనను చెయ్యి పట్టుకొని లేపి నిలబెట్టాడు.

"గిటు జూడన్నా. గీడ నిలవడితే మసీదు మినారు, దానెన్క గుట్ట, దానెన్క చుక్క, మూడు ఒక్క తావునే కనవడ్తున్నయి. చుక్క పోయి మినారు మీద వడ్తదా? గ్రహాలు గూడ గంతే. కల్సుడు లేదు, ఏం లేదు. మనకు గట్ల కనవడ్తయి."

నాయన చాలాసేపు అటే చూశాడు. ఆయన మొండివాడు కాడు. అర్థమయ్యింది. నాకూ అర్థమయ్యింది.

"నువ్వు జెప్పింది నిజమే తమ్మి" అన్నాడు. "కని అయితే?"

"ఏమైతే?"

"ఒకవేళ అయితే, ఆమె ఆడ ఒక్కతే ఉంటది."

చిన్నాయనకు గ్రహాల దూరాలు తెలుసు. అందరి ఇళ్లూ నిండుతుంటే మన ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉంచడం ఎలాగో తెలియదు. చివరికి, "మందు ఆగొద్దన్నా, గదొక్కటి యాదుంచుకో" అన్నాడు. మర్నాడు పొద్దున నాయన నన్ను వెంటబెట్టుకొని రైలెక్కాడు.

కొండ మీద మాలాంటివాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. అందరూ అదే పని మీద వచ్చారు. డాక్టరు హైదరాబాదు మనిషి, తలంతా నెరిసిపోతోంది. పొద్దుటినుంచి అదే మాట చెప్పి చెప్పి ఉన్నాడు.

"మందు నడుమల ఇడిస్తే జబ్బు మొండికేస్తది. మల్ల గదే మందు ఇచ్చినా పని జెయ్యది. సమజైతుందా?"

"నాలుగు దినాలల్ల మల్ల తోల్కొస్త సారూ."

"గీ మంచం ఖాళీ ఉంచుడు నా చేతుల లేదు. బయట చెట్ల కింద ఎంతమంది కూసున్నరో జూడు. ఆమెనే అడుగు, ఆమె ఏమంటదో."

అమ్మ మంచం మీద కూర్చొని ఇదంతా వింటోంది. గ్రహాల సంగతి అడగలేదు. "చిన్నది నన్ను గుర్తువడ్తదా?" అని అడిగింది. అమ్మ లేచి చీర మార్చుకుంది. డాక్టరు తిట్టుకుంటూనే కొన్ని రోజులకు సరిపడా గోలీలు కట్టి ఇచ్చాడు. సూదులు ఇంట్లో ఇచ్చేవి కావు.

రైల్లో నేను అమ్మ పక్కన కూర్చున్నాను. వద్దనేవాళ్లు ఎవరూ లేరు. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. "నిజంగ మునుగుతదా అమ్మా?" అని అడిగాను.

"మునగది బిడ్డ. మునిగితే నేనిన్ని దినాలు గా చేదు మందు తాగిందంత దండుగైతది" అని నవ్వింది. అమ్మకు నమ్మకం లేదు. తనకు బిడ్డలను చూసుకునే వీలు ఎవరో కల్పించారు, అది గ్రహాలైతేనేం, ఇంకొకరైతేనేం. నాకు మాత్రం ఆ రైలు ఎప్పటికీ తాండూరు చేరకపోయినా బాగుండు అనిపించింది. అంత సంతోషంగా ఉన్నాను.

చెల్లె మొదట ఖాలా కొంగు వెనకాల దాక్కుంది. అమ్మ పిలవలేదు, గడప దగ్గర కూర్చొని గోరింటాకు నూరడం మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి చెల్లె అమ్మ ఒడిలో ఉంది. చిన్నాయన ముందు గదిలో వేరే మంచం వేశాడు, గిన్నెలు, గ్లాసు వేరే పెట్టాడు. పిల్లను దగ్గర పండబెట్టుకోవద్దని అమ్మతోనే నేరుగా చెప్పాడు. చెల్లె ఏడ్చింది. అమ్మ నాయన వైపు చూసింది.

"ఎల్లుండి అందరం పోయేటోళ్లమైతే, ఇప్పుడు గిన్నెలు వేరువెట్టి దాన్నెందుకేడిపిచ్చుడు?" అన్నాడు నాయన. "ఏం గాదంటవా, మల్ల కొండకే పోతది గద. నాలుగు దినాలు ఇడిసిపెట్టు తమ్మి."

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. ఎటు తిరిగినా సరిపోయే మాట. చెల్లె అమ్మను కరుచుకొని పడుకుంది. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో పండగకు చేసే పోలెలు చేశారు, పక్కింటికి పంపారు, చుట్టాలొచ్చారు, చిన్నాయన కూడా నవ్వాడు. మా ఇంట్లో అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ అంత సంతోషం లేదు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ అది నిజం.

అమావాస్య వచ్చింది, పోయింది. మర్నాడు ఎండ కాసింది. మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి సిగ్గుపడ్డారు. రెండు రోజుల్లో గనుల్లో సుత్తులు మళ్లీ మోగాయి. "ఎట్లన్నా, బతికినమా?" అని చిన్నాయన అడిగితే నాయన కూడా పడీ పడీ నవ్వాడు. అందరం నవ్వాం. అమ్మ నవ్వుతుంటే దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

మళ్లీ కొండకు పోవడం మాత్రం ఒకనాటినుంచి ఇంకోనాటికి వాయిదా పడుతూ పోయింది. కూటమి భయంతో బండ్లు కట్టని రైతులందరూ ఒక్కసారిగా కందులు తెచ్చారు. గంజు నిండిపోయింది. నాయనకు ఊపిరాడలేదు. తర్వాత పంతులు వచ్చి, గ్రహాలు ఇంకా పూర్తిగా విడివడలేదు, రోగి ప్రయాణం కొన్నాళ్లు ఆగితే మేలన్నాడు. అమ్మ కూడా, ఇంకో వారం ఉండి పోతానంది. తెచ్చిన గోలీలు ఎప్పుడో అయిపోయాయి. చిన్నాయన రోజూ అడిగేవాడు. రోజూ జవాబు ఉండేది. ప్రతి జవాబూ సబబుగానే ఉండేది.

చివరికి తీసుకెళ్లేసరికి అమ్మ మంచం మీద వేరే ఆమె ఉంది. డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. మంచం దొరికేసరికి ఎండలు ముదిరాయి, అమ్మ మెట్లు ఎక్కలేకపోయింది. సూదులు మళ్లీ మొదలుపెట్టారు, అవి పనిచేయలేదు. ఆయన ముందే చెప్పినట్టే జబ్బు మొండికేసింది. ఆషాఢంలో, కొండ మీద వాన మొదలైనాక అమ్మ పోయింది. నేను మొక్కుకున్న వానాకాలం వచ్చింది. అమ్మను వికారాబాదులోనే కాల్చి వచ్చారు.

దినాల నాడు చుట్టాలందరూ ఉన్నారు. నాయన అప్పటికి అన్నం మానేసి చాలా రోజులైంది. గోడకు ఆనుకొని కూర్చున్నాడు, పిలిస్తే పలకడు. పంతులు కర్మ చేయించి, ఓదార్పుగానే ఒక మాట అన్నాడు. కూటమి ఫలం ఆ ఒక్కనాటితో పోయేది కాదు, ఆర్నెల్లు ఉంటుంది, ఆమెది మకర రాశే, ఆ ఎనిమిదీ ఆమె రాశిలోనే కలిశాయి అని.

నాయన తలెత్తాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన కళ్లు ఒక మనిషిని చూశాయి. ఆ కళ్లు పంతులు మీద ఆగలేదు, చిన్నాయన దగ్గరికి వెళ్లాయి.

"నువ్వు జెప్పు తమ్మి. సదువుకున్నోనివి. గ్రహాలదేనా?"

చుట్టాలందరికీ మా అరుగు మీది వాదం తెలుసు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చెప్పు చిన్నాయనా అని మనసులో అంటున్నాను. నువ్వు గెలిచావు, ఇప్పుడైనా చెప్పు.

"గ్రహాలదేనన్నా" అన్నాడు చిన్నాయన.

నాయన కళ్లు మూసుకొని ఊపిరి వదిలాడు. ఆ పూట అన్నం తిన్నాడు. ఎంతటివాడు ఒప్పుకున్నాడు చూశావా అని చుట్టాలు గుసగుసలాడుకున్నారు.

సాయంత్రం చిన్నాయన కాగ్నా నది ఒడ్డుకు వెళ్తే నేను వెనకాలే వెళ్లాను. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను. అడిగాననడం చిన్నమాట, అరిచాను. ఆయన నీళ్లవైపే చూస్తూ అన్నాడు.

"మీ నాయన మొకం జూసినవా? నిజం జెప్తే బతుకుతడా? నీకు తల్లి లేకపాయె. నాయన గూడ వద్దా?"

నా కోపం తగ్గలేదు. దయతో చెప్పిన అబద్ధమని ఇప్పుడు అనగలను. అప్పుడు మాత్రం అమ్మ రెండోసారి పోయినట్టనిపించింది. అమ్మ ఎలా పోయిందో చెప్పగల ఒకే ఒక్క మనిషి నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత అరుగు మీద వాదం లేదు. చిన్నాయన చాయ్ లోపలే తాగేవాడు. నాయన అరుగు మీద ఒక్కడే కూర్చునేవాడు, లేకపోతే పంతులుతో కూర్చునేవాడు. విత్తనం కొనాలన్నా, గోడకు సున్నం వేయాలన్నా పంచాంగం తెరిచేవాళ్లు. ఆయనకు గ్రహాలు ప్రతి చిన్నదానిలోనూ కావాలి. ఒక్కచోట అవి లేవని తేలితే, ఇంకోచోట కూడా లేవేమోనని అనుమానం వస్తుంది కదా. ఈ సంగతి అర్థం చేసుకునే వయసు నాకు అప్పటికి వచ్చింది. అర్థమైతే మాత్రం ఏం లాభం?

రెండేళ్లు తిరిగేసరికి చెల్లె దగ్గడం మొదలుపెట్టింది.

చెల్లె బతికింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, మిమ్మల్ని ఊరించే ఓపిక నాకు లేదు. ఇప్పుడు దానికి మనవలు. కానీ ఆ మాఘమాసంలో అది బతుకుతుందని ఎవరికీ తెలియదు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. పలక పట్టుకుంటే మణికట్టు ఎముక కనిపించేది. చిన్నాయన మొదటి వారంలోనే కొండకు తీసుకుపోదామన్నాడు. నాయన పంతులును పిలిచాడు. పంతులు చెల్లె జాతకం చూసి, శని బాగా లేదు, ఉగాది దాటితే తేలిక పడుతుంది, అందాకా జపం చేయిస్తే మంచిదన్నాడు.

"ఉగాది దాకా ఆగొద్దన్నా" అన్నాడు చిన్నాయన. అప్పటికి ఆయన గొంతులో వాదన లేదు, బతిమాలుతున్నాడు. "గిది జబ్బు. మందులున్నయి. ఇప్పుడు వోతే నయమైతది."

నాయన ఆయనవైపు వింతగా చూశాడు. "నువ్వే గద తమ్మి అన్నవ్, గ్రహాలదే అని. నల్గుర్ల అన్నవ్. మీ వదినెకు గ్రహాలు, పిల్లకు జబ్బా?"

నేను బియ్యం ఏరుతూ చిన్నాయన ముఖమే చూస్తున్నాను. పిల్లను కాపాడాలంటే అన్నకు ఆ రోజు చెప్పనిది ఈ రోజు చెప్పాలి. అన్నను కాపాడాలంటే పిల్ల ఉగాది దాకా దగ్గాలి. మంచి మనిషి ఒక అబద్ధం చెప్తే అది ఎంత పెద్దదవుతుందో ఆ ముఖంలో చూశాను. చెల్లె గోడ పక్కన గోనె మీద పడుకొని దగ్గుతోంది. అచ్చం అమ్మ దగ్గే.

"గ్రహాలది కాదు నాయనా" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"అమ్మకు నయమైతుండె. నువ్వు తోల్కొచ్చినవ్. మందు ఆగింది. గందుకే వోయింది. చెల్లె గా దినాలల్ల అమ్మ పక్కల పండుకుంది. గందుకే దగ్గుతుంది. గ్రహాలేం జెయ్యలే."

చిన్నాయన లేచి నా మీదికి చెయ్యెత్తాడు. నన్ను ఏనాడూ ఒక్క దెబ్బ వేయని మనిషి. "ఆగు తమ్మి" అన్నాడు నాయన. గొంతు మామూలుగానే ఉంది. నా వైపు చూసి, "ఇంకోపాలి జెప్పు బిడ్డ" అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఈసారి ఏడుస్తూ చెప్పాను, ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆయన చివరిదాకా విన్నాడు. పంతులు పంచాంగాన్ని గుడ్డసంచిలో పెట్టుకొని లేచాడు. "పిల్లను దవాఖానకు తీస్కపో సేటూ" అన్నాడు, ఎవరూ అడగకుండానే. గడప దాటి వెళ్లిపోయాడు.

మర్నాడు కొండ మీదికి చెల్లెను నాయనే ఎత్తుకొని ఎక్కాడు. నేను పరుపు చుట్ట మోశాను. చిన్నాయన వెనకాల వచ్చాడు. వరండా బయట చాలామంది కూర్చొని ఉన్నారు. అదే డాక్టరు. తల పూర్తిగా నెరిసింది. నాయనను చూడగానే గుర్తుపట్టాడు. చెల్లె వీపు మీద చెవి గొట్టం పెట్టి విని, వేలితో తట్టి చూసి, తొందరగానే తెచ్చారు, బాగవుతుందన్నాడు. తర్వాత నాయన కళ్లలోకి చూశాడు.

"గీసారన్నా మందు పూరా అయ్యేదాక ఉంచుతవా? నడుమల వచ్చి తోల్కపోవు గద?"

"తోల్కపోను సారూ" అన్నాడు నాయన. బయట కూర్చున్నవాళ్లందరికీ వినిపించేంత గట్టిగా అన్నాడు. "దీని తల్లిని గట్లనే తోల్కపోయి సంపుకున్న."

డాక్టరు తల దించుకున్నాడు. చిన్నాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాయన చేతులు జోడించి అలాగే ఉన్నాడు. ఆయన ముఖాన్ని చెల్లె కిందినుంచి చూస్తోంది. నేను కోరుకున్న నిజం అదే. రెండేళ్లు దానికోసం ఇల్లంతా పళ్లు కొరుక్కుంటూ తిరిగాను. అది నాయన నోటివెంట వచ్చినప్పుడు, కాదు నాయనా, గ్రహాలదే అని ఆయన చెయ్యి పట్టుకొని చెప్పాలనిపించింది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. డాక్టరు పిల్లను లోపలికి తీసుకురమ్మన్నాడు. నేను పరుపు చుట్ట చంకన పెట్టుకొని, చెల్లె చెయ్యి పట్టుకొని లోపలికి నడిచాను.